నాణేలు చలామణిలోంచి ఎందుకు మాయమైపోతాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: చిన్న నాణేలు రద్దు కాలేదంటున్నారు, చట్టప్రకారం చెల్లుతాయంటున్నారు, మరి బయట ఎక్కడా కనపడవేంటి, ఇవ్వబోతే తీసుకునేవాళ్లు కూడా లేరేంటి, టంకశాల కొట్టడం మానేసిందా, కొట్టినవన్నీ ఎటుపోయాయి అని. దీనికి అందరూ చెప్పే సమాధానం "ధరలు పెరిగాయి కాబట్టి" అని. తప్పేం కాదు గానీ అది సగమే. ధరలు ఏమంత పెరగని కాలంలో కూడా నాణేలు రాత్రికి రాత్రి మాయమైన సందర్భాలు ఉన్నాయి, మంచి విలువున్న నాణెం కూడా జనం చేతుల్లోకి ఎక్కక గోదాముల్లో మూలిగిన సందర్భాలూ ఉన్నాయి.

నేను బ్యాంకులో క్యాష్ సైడ్ ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాను, అందులో చాలా ఏళ్లు చిల్లర సంచులతోనే గడిచాయి. తూకం వేయడం, మెషీన్‌లో పోసి లెక్కపెట్టడం, వంగినవి అరిగినవి ఏరి పక్కన పెట్టడం, మళ్లీ సంచికి సీలు వేయడం. ఆ పనిలో ఉన్నవాళ్లం నాణెం విలువెంత అని పెద్దగా మాట్లాడుకోం, "తిరిగొస్తోందా లేదా" అనేదే మా మాట. నోటైనా నాణెమైనా ఒక రౌండు తిరగాలి, బ్యాంకు నుంచి వ్యాపారికి, వ్యాపారి నుంచి కొనేవాడికి చిల్లరగా, కొనేవాడి నుంచి మళ్లీ ఇంకో వ్యాపారికి, అక్కడి నుంచి బ్యాంకుకి. ఈ తిరుగుడులో ఏదో ఒక చోట దారి తెగితే చాలు, ఆ నాణెం లక్షల కొద్దీ ఉన్నా లేనట్టే.

దారి ఎక్కడ తెగుతుందో నాకు బాగా అర్థమైంది ఒక రోజు. ఒక పెద్దావిడ రేకు డబ్బా తెచ్చారు, పాలపొడి డబ్బా సైజుది, మోయలేక రెండు చేతులతో పట్టుకొచ్చి కౌంటర్ మీద పెట్టారు. లోపల టేబుల్ మీద గుడ్డ పరిచి బోర్లించాం. పైన ఉన్నవి పెద్ద విలువవి, కిందకి వెళ్లేకొద్దీ చిన్నవి, అడుగున ఉన్నవి ఒకదానికొకటి అంటుకుపోయి చిలుము పట్టి పచ్చగా ఉన్నాయి. వాటిని విడదీస్తుంటే నాకు వింతగా అనిపించింది ఏంటంటే, మధ్య పొరలో ఉన్న చిన్న నాణేల మీద సంవత్సరం చూస్తే పద్దెనిమిదేళ్ల నాటిది, ముఖం మాత్రం నిన్న ముద్ర వేసినట్టు ఉంది, అంచు గీతలు వేలికి గుచ్చుకుంటున్నాయి. అదే వయసున్న పెద్ద విలువ నాణేలు అరిగి నున్నగా అయిపోయి బొమ్మ ఆనవాలు కూడా సరిగ్గా కనపడట్లేదు. అంటే ఒకే ఏడాది పుట్టిన రెండు నాణేల్లో ఒకటి వేలమంది చేతులు మారింది, ఇంకోటి టంకశాల నుంచి బ్యాంకుకి, బ్యాంకు నుంచి ఒక గల్లాపెట్టెకి, అక్కడి నుంచి ఆవిడ చేతికి, చేతిలోంచి డబ్బాలోకి, అంతే. దాని మొత్తం జీవితంలో ఒక్కసారే వాడారు దాన్ని. ఆ తర్వాత నేను ఎన్ని డబ్బాలు చూసినా ముందు సంవత్సరం, తర్వాత అరుగుదల చూడటం అలవాటైపోయింది, ఏ నాణెం చచ్చిపోతోందో ఏ ప్రకటనా రాకముందే అక్కడ తెలిసిపోతుంది.

ఇది ఒక్క డబ్బా కథ అనుకోకండి. బ్రిటన్ ఆర్థిక శాఖ 2018లో నగదు గురించి విడుదల చేసిన పత్రంలో, సర్వేల ప్రకారం ప్రతి పది 1 పెన్నీ, 2 పెన్నీల నాణేల్లో ఆరు ఒక్కసారి లావాదేవీలో వాడగానే చలామణి నుంచి బయటికి వెళ్లిపోతున్నాయని రాశారు, కొన్ని డబ్బాల్లోకి, ఇంకొన్ని, అంటే 8 శాతం సందర్భాల్లో, నేరుగా చెత్తబుట్టలోకి. అయినా మరుసటి ఏడాది వాటిని కొనసాగించాలనే నిర్ణయించారు, అది వేరే విషయం.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, చిన్న నాణెం అవసరం ఇచ్చేవాడికి ఉంటుంది గానీ పుచ్చుకునేవాడికి ఉండదు. అమ్మేవాడు లెక్క తేల్చాలి, మిగతా చిల్లర పైసాతో సహా ఇవ్వాలి, అందుకని బ్యాంకుకి వెళ్లి సంచి తెచ్చుకుంటాడు. కొనేవాడికి ఆ బాధ లేదు, పెద్ద నోటు ఇచ్చేసి చిల్లర పుచ్చుకుంటాడు, జేబు బరువైతే ఇంటికెళ్లి డబ్బాలో వేస్తాడు. వెనక క్యూలో జనం ఉండగా జేబులోంచి చిన్న నాణేలు ఏరి లెక్కపెట్టి ఇవ్వడానికి పట్టే టైమ్ ఉంది చూశారా, ఆ టైమ్ విలువ ఆ నాణెం విలువ కన్నా ఎక్కువైన రోజు నుంచి అది వన్‌వే అయిపోతుంది. ధరల పెరుగుదల చేసేది ఇదే, నాణేన్ని నేరుగా ఏమీ చేయదు, దాన్ని వెనక్కి తేవాలనే ఓపికని తినేస్తుంది.

వన్‌వే అయ్యాక టంకశాల పరిస్థితి చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. ఎన్ని కొట్టినా కొరత తీరదు, కొరత ఉంది కదా అని ఇంకా కొడతారు. అమెరికా ఒక సెంటు నాణెం దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ. 1793 నుంచి కొడుతూ వచ్చారు, 2024 ఆర్థిక సంవత్సరం లెక్కల ప్రకారం ఒక్కో సెంటు తయారీకి, పంపిణీకి కలిపి 3.69 సెంట్లు ఖర్చు. చివరికి 2025 నవంబర్ 12న ఫిలడెల్ఫియా టంకశాలలో చలామణి కోసం ఆఖరి సెంట్లు ముద్రించి ఆపేశారు. ఇప్పటికీ అది చట్టప్రకారం చెల్లుతుంది. అదే అమెరికా 1857లోనే అర సెంటు నాణేన్ని ఎత్తేసింది, అప్పటి అర సెంటుతో కొనగలిగేది ఇప్పటి పది సెంట్లతో కొనలేం. అంటే అప్పటివాళ్లు ఇంకా పనికొచ్చే దశలోనే చిన్నదాన్ని వదిలేశారు, తర్వాతివాళ్లు పనికిరాకుండా పోయాక కూడా పట్టుకుని వేలాడారు. నాకైతే 1857 నిర్ణయమే తెలివైనదిగా అనిపిస్తుంది.

నాణేలు ఉండీ లేకపోవడం అంటే ఏంటో 2020లో కోవిడ్ టైమ్‌లో కళ్లకు కట్టినట్టు కనిపించింది. అమెరికాలో జూన్ నెలలో అక్కడి కేంద్ర బ్యాంకు, ఫెడరల్ రిజర్వ్, మామూలు బ్యాంకులకు నాణేలు రేషన్ పద్ధతిలో ఇవ్వాల్సి వచ్చింది. దేశంలో నాణేల సంఖ్య తగ్గిందా అంటే ఒక్కటి కూడా తగ్గలేదు, షాపులు మూతపడ్డాయి, జనం బయటికి రాలేదు, బ్యాంకులకి డిపాజిట్లు ఆగిపోయాయి, తిరుగుడు ఆగింది అంతే. టంకశాల సిబ్బంది ఎక్కువ పనిచేసి కొత్తవి కొట్టారు గానీ మాలాంటివాళ్లకి అప్పుడే తెలుసు, ఇళ్లలో ఉన్నవి బయటికి రాకుండా ఇది తీరదని.

ఇప్పటిదాకా చెప్పింది నాణెం చులకనై మాయమయ్యే సంగతి. దీనికి పూర్తిగా వ్యతిరేకమైనది ఇంకోటుంది, నాణెం మరీ ఖరీదైపోవడం. లోహం విలువ ముఖవిలువ దాటితే ఎవడూ దాన్ని ఖర్చుపెట్టడు. దీన్నే గ్రెషమ్ సూత్రం అంటారు, 16వ శతాబ్దపు ఇంగ్లీషు వ్యాపారి థామస్ గ్రెషమ్ పేరు మీద, ఆ పేరు మాత్రం 19వ శతాబ్దంలో పెట్టింది. ఆయన కన్నా ముందే కోపర్నికస్ కూడా దీని గురించి రాశాడు, అవును, భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని చెప్పిన ఆయనే. విషయం సింపుల్: చేతిలో రెండు నాణేలున్నాయి, రెండిటికీ అంగడిలో ఒకటే విలువ, కానీ ఒకదాంట్లో వెండి ఎక్కువ. మీరు ఏది ఇస్తారు, ఏది దాచుకుంటారు? అందరూ అదే చేస్తారు, కొన్ని నెలల్లో మంచిది కనపడకుండా పోతుంది.

లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే ఇందులో లెక్కే అసలు సంగతి. 1964 దాకా అమెరికా పావు డాలర్ నాణెం బరువు 6.25 గ్రాములు, అందులో 90 శాతం వెండి, అంటే 5.625 గ్రాములు. ట్రాయ్ ఔన్సు అంటే 31.1 గ్రాములు, కాబట్టి ఒక నాణెంలో 0.18 ఔన్సు వెండి. ఔన్సు ధర 1.38 డాలర్లు ఉన్నప్పుడు ఆ వెండి విలువ సరిగ్గా 25 సెంట్లు. దాటిందంటే నాణెం కన్నా దాని లోహం ఎక్కువ. 1960ల మొదట్లో వెండి ఆ అంచు దగ్గరికి వచ్చేసింది, జనానికి వాసన తగిలింది, నాణేలు తగ్గడం మొదలైంది. ప్రభుత్వం 1965లో చట్టం చేసి పది సెంట్లు, పావు డాలర్ నాణేల్లోంచి వెండి పూర్తిగా తీసేసింది, అర డాలర్‌లో 40 శాతానికి తగ్గించింది. నాణేలు సేకరించేవాళ్లే దాచేస్తున్నారని అనుమానించి 1965 నుంచి 1967 దాకా నాణేల మీద ఏ టంకశాలలో కొట్టారో చెప్పే చిన్న గుర్తు కూడా వేయడం మానేశారు. పాత వెండివి, కొత్తవి పక్కపక్కనే తిరుగుతాయని అప్పట్లో నమ్మబలికారు, తిరగలేదు. 1967లో వెండి ధర ఆ అంచు దాటేసింది, కొన్నేళ్లకే గల్లాపెట్టెల్లో పాత వెండి నాణెం దొరకడం అరుదైపోయింది. అర డాలర్ సంగతి ఇంకా ఘోరం, 1964లో కెనెడీ బొమ్మతో వచ్చింది, ఆయన చనిపోయిన నెలల్లోనే. జనం జ్ఞాపకంగా దాచుకున్నారు, వెండి కోసమూ దాచుకున్నారు. 1971లో వెండి పూర్తిగా తీసేసి మళ్లీ వదిలినా అప్పటికే జనానికి ఆ నాణెం వాడే అలవాటు తప్పిపోయింది. ఈ ఒక్క పాయింట్ గుర్తుపెట్టుకోండి, ఒక నాణెం నాలుగైదేళ్లు కనపడకపోతే తర్వాత మూటలకొద్దీ తెచ్చి పోసినా మళ్లీ చేతికి ఎక్కదు.

ఆస్ట్రేలియాలో ఇంకా తొందరగా అయింది. 1966లో దశాంశ పద్ధతికి మారినప్పుడు గుండ్రటి 50 సెంట్ల నాణెం 80 శాతం వెండితో తెచ్చారు, వెండి ధర పెరిగి అందులోని లోహమే ముఖవిలువ దాటిపోయింది, 1969లో పన్నెండు మూలల కుప్రోనికెల్ (రాగి, నికెల్ కలిపిన లోహం) నాణెం పెట్టాల్సి వచ్చింది.

వెండి ఒక్కటే కాదు, రాగితో కూడా ఇదే గొడవ. 1982 మధ్య దాకా అమెరికా సెంటు 3.11 గ్రాములు, 95 శాతం రాగి. అంటే కిలో రాగి కావాలంటే సుమారు 340 నాణేలు, ముఖవిలువ 3 డాలర్ల 40 సెంట్లు. రాగి కిలో 9 డాలర్లు దాటిన రోజులు ఈ మధ్యే చాలా చూశాం. ఇలాంటి రోజు వస్తుందనే 1982లోనే జింక్ మీద రాగి పూత వేసిన 2.5 గ్రాముల నాణేనికి మారిపోయారు, 2006 డిసెంబర్‌లో ఒక సెంటు, ఐదు సెంట్ల నాణేలు కరిగించడాన్ని నిషేధించారు, దేశం బయటికి జేబులో 5 డాలర్ల విలువకి మించి తీసుకెళ్లకూడదన్నారు. బ్రిటన్ 1992లో చిన్న నాణేలని రాగి పూత వేసిన ఉక్కుకి మార్చింది, అయస్కాంతం పెడితే కొత్తవి అంటుకుంటాయి, పాతవి అంటుకోవు. చట్టం కరిగించొద్దంటుంది గానీ దాచుకోవద్దని అనలేదు కదా, డబ్బాలోకి వెళ్లడాన్ని ఏ చట్టమూ ఆపలేదు.

ఈ పాఠం బ్రిటన్ చాలా ముందే, చాలా కష్టపడి నేర్చుకుంది. 1717లో ఐజాక్ న్యూటన్ టంకశాల అధిపతిగా ఉన్నప్పుడు ఆయన నివేదిక మీద గినీ అనే బంగారు నాణెం విలువని 21 వెండి షిల్లింగులుగా ఖాయం చేశారు. బయట దేశాల్లో వెండికి పలికే ధరతో పోలిస్తే ఆ లెక్కలో బంగారానికి ఎక్కువ, వెండికి తక్కువ విలువ కట్టినట్టైంది. అంతే, బరువు సరిగ్గా ఉన్న వెండి నాణేలు వ్యాపారంలో దేశం దాటిపోయాయి, అరిగిపోయినవి మిగిలాయి, ఆ శతాబ్దమంతా చిన్న చిల్లరకి కటకటే. 1787 నుంచి గనుల కంపెనీలూ వ్యాపారులూ సొంతంగా రాగి టోకెన్లు కొట్టుకుని జీతాలిచ్చే దాకా వచ్చింది. చివరికి 1797లో మాథ్యూ బోల్టన్ ఆవిరి యంత్రాలతో ప్రభుత్వం కోసం పెద్ద రాగి నాణేలు కొట్టాడు, పెన్నీలో పెన్నీ విలువ చేసే రాగి ఉండాలనే పట్టుదలతో పెన్నీ ఒక ఔన్సు, రెండు పెన్నీలది రెండు ఔన్సులు. రెండు ఔన్సులంటే దగ్గర దగ్గర 57 గ్రాములు, నాలుగు నాణేలు జేబులో వేసుకుంటే జేబు చిరిగేది. జనం దాన్ని బండిచక్రం అన్నారు. రాగి ధర పెరిగాక చాలావరకు కరిగించేశారు. మోయడానికి బరువు, కరిగిస్తే లాభం, రెండు దెబ్బలూ ఒకదానికే తగిలాయి.

యుద్ధం వస్తే ఏమవుద్దో కూడా చెప్పాలి. 1862లో అమెరికా అంతర్యుద్ధంలో కాగితం డబ్బు మీద నమ్మకం తగ్గగానే బంగారం, వెండి మాయమయ్యాయి, ఆ తర్వాత రాగి సెంట్లు కూడా. చిల్లర లేక జనం పోస్టల్ స్టాంపులతో కొనుక్కోవడం మొదలుపెట్టారు, స్టాంపు వెనక జిగురు ఉంటుంది కదా, చెమట చేతికి తగిలితే ముద్దైపోయేవి. ఒకాయన, జాన్ గాల్ట్ అని, స్టాంపుని ఇత్తడి బిళ్లలో పెట్టి పైన పారదర్శకంగా అభ్రకం రేకు బిగించి పేటెంట్ తీసుకున్నాడు. ప్రభుత్వం కూడా ఆ ఏడాదే స్టాంపు బొమ్మలతో చిన్న కాగితం నోట్లు తెచ్చింది. ఇక్కడ ధరల వల్ల విలువ పడిపోయి నాణెం పోలేదు, రేపు దీని విలువ పెరుగుతుందేమోనన్న ఆశ, కాగితం చెల్లదేమోనన్న భయం దాన్ని ఇంట్లో పెట్టించాయి.

ఇక విలువ బాగానే ఉండి, లోహం మామూలుగానే ఉండి కూడా ఎక్కని నాణేలు. అమెరికా డాలర్ నాణెం. 1979లో మహిళల ఓటు హక్కు కోసం పోరాడిన సుసాన్ ఆంథొనీ బొమ్మతో తెచ్చారు, వ్యాసం 26.5 మిల్లీమీటర్లు, పావు డాలర్‌ది 24.26. రెండూ ఒకే రంగు, రెండిటికీ అంచు గీతలు, చీకట్లో కాదు పట్టపగలు కూడా పొరపడేంత దగ్గర. మూడేళ్లకే ఆపేశారు. 2000లో రంగు మార్చి బంగారు రంగులో ఇంకోటి, 2007 నుంచి అధ్యక్షుల బొమ్మలతో వరుసగా. అయినా ఎక్కలేదు, ఎందుకంటే ఒక డాలర్ నోటుని అలాగే ఉంచారు. తేలికైన నోటు చేతిలో ఉండగా నాణెం ఎవరు మోస్తారు? 2011లో చలామణి కోసం కొట్టడం ఆపేనాటికి ఫెడరల్ రిజర్వ్ గోదాముల్లో 100 కోట్లకు పైగా డాలర్ నాణేలు మూలుగుతున్నాయి. టంకశాల జనానికి ముఖవిలువకే ఇంటికి పంపే పథకం కూడా పెట్టింది, కొంతమంది క్రెడిట్ కార్డుతో కొని ఎయిర్‌లైన్ పాయింట్లు సంపాదించి, పెట్టె విప్పకుండా తీసుకెళ్లి బ్యాంకులో కట్టేశారు. నాణేలు మళ్లీ అదే గోదాముకి. దీనికి పక్కనే కెనడా, 1987లో డాలర్ నాణెం తెచ్చింది, 1989లో నోటు ఇవ్వడం ఆపేసింది, వాడక తప్పలేదు, అలవాటైపోయింది. బ్రిటన్ 1983లో పౌండ్ నాణెం తెచ్చి 1988లో నోటు ఉపసంహరించింది, అదీ నిలబడింది. నోటు ఉంచి నాణెం తెచ్చినప్పుడు ఓడేది నాణెమే, ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు.

పుకారు కూడా నాణేన్ని చంపగలదు. ఇండియాలో పది రూపాయల నాణెం చెల్లదని చాలా చోట్ల ప్రచారమై తీసుకోవడం మానేశారు, రకరకాల డిజైన్లు ఉండటంతో కొన్ని నకిలీవన్న అనుమానం. 2018 జనవరిలో రిజర్వ్ బ్యాంకు 14 డిజైన్లూ చెల్లుతాయని ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. పుకారు ఎందుకంత బలంగా పనిచేస్తుందంటే, నేను నాణెం తీసుకునేది మీరు ఇచ్చారని కాదు, రేపు ఇంకొకడు నా దగ్గర తీసుకుంటాడని. ఆ ఇంకొకడి మీద అనుమానం వస్తే చట్టం ఏం చెప్పినా నేను వద్దంటాను, నన్ను చూసి ఇంకొకరు వద్దంటారు. చెల్లుబాటు అనేది గెజిట్‌లో మొదలవుతుంది గానీ నిజంగా ఉండేది ఎదుటివాడి చేయి చాచడంలో.

వీటన్నిటికీ తోడు మధ్యలో ఎవరో ఒకళ్లు పట్టేసుకోవడం ఉంటుంది. అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిరీస్‌లో 2008-09 ప్రాంతంలో బస్సుల్లో నాణేలు మాత్రమే తీసుకునేవాళ్లు, నోటిస్తే ఎక్కనివ్వరు. దాంతో ప్రతి ఒక్కరూ రేపటి బస్సు కోసం చిల్లర దాచుకునేవాళ్లు, షాపులో చిల్లర ఇవ్వాల్సొస్తే అమ్మడమే మానేసేవాళ్లు. బస్సు కార్డు వచ్చి జనానికి అందాక ఆ కొరత దానంతటదే తీరిపోయింది. ఇటలీలో 1975 చివర్నుంచి 1978 దాకా చిల్లర ఎంత కొరతంటే బ్యాంకులు చిన్న చిన్న మొత్తాలకి చెక్కులు అచ్చేసి ఇచ్చాయి, టెలిఫోన్ టోకెన్లు, చాక్లెట్లు చిల్లరగా నడిచాయి. జింబాబ్వే 2009లో అమెరికా డాలర్‌కి మారినప్పుడు నోట్లు వచ్చాయి గానీ నాణేలు సరిపడా రాలేదు, బరువైన చిల్లరని అంత దూరం మోసుకురావడం ఎవరికీ గిట్టదు, 2014 డిసెంబర్‌లో సొంత నాణేలు తెచ్చుకునే దాకా షాపులు చీటీలు, మిఠాయిలు ఇచ్చి నెట్టుకొచ్చాయి.

డిజిటల్ పేమెంట్ల గురించి అడుగుతారని తెలుసు. అవి కొత్త కారణం కాదు, పాత కారణాన్నే వేగం చేశాయి. ఫోన్‌లో పైసాలతో సహా కట్టేయొచ్చు కాబట్టి కొనేవాడు నాణెం వెనక్కి తెచ్చే సందర్భాలు ఇంకా తగ్గిపోయాయి. కానీ పన్నుల లాంటివి దీన్ని వెనక్కి తిప్పగలవు కూడా. జపాన్‌లో 1989లో 3 శాతం వినియోగ పన్ను పెట్టగానే ధరల చివర బేసి అంకెలొచ్చి ఒక యెన్ నాణేనికి గిరాకీ పెరిగింది, ఒక గ్రాము బరువుండే అల్యూమినియం బిళ్ల అది. 2011 నుంచి 2013 దాకా సేకరించేవాళ్ల సెట్ల కోసం తప్ప కొట్టలేదు, 2014లో పన్ను 8 శాతానికి పెంచినప్పుడు చలామణి కోసం మళ్లీ కొట్టారు.

ఇక ప్రభుత్వం అధికారికంగా ఎత్తేయడం అంటారా, నేను చూసినంతలో అది చివర్లో జరిగే కార్యక్రమం, అప్పటికే ప్రాణం పోయి ఉంటుంది. ఇండియాలో 25 పైసలు, అంతకన్నా చిన్నవి 2011 జూన్ 30తో చెల్లకుండా పోయాయి, అప్పటికి వాటిని వాడి జనానికి ఎన్నాళ్లయిందో మీకే తెలుసు. కెనడా 2012 మే 4న ఆఖరి సెంటు కొట్టింది, 2013 ఫిబ్రవరి 4 నుంచి పంపిణీ ఆపింది. న్యూజిలాండ్ 1990లో ఒకటి, రెండు సెంట్లు, 2006లో ఐదు సెంట్లు తీసేసింది. ఫిన్లాండ్ అయితే యూరో వచ్చిన 2002 నుంచే ఒకటి, రెండు సెంట్లతో పని లేకుండా మొత్తాన్ని సర్దేసుకుంది. ఇలా ఎత్తేస్తే ధరలు పెరిగిపోతాయని భయపడతారు గానీ సర్దుబాటు ప్రతి వస్తువు ధర మీద జరగదు, బిల్లు మొత్తం మీద, అదీ నగదుగా కడితేనే. చివర 1, 2 ఉంటే కిందకి, 3, 4 ఉంటే ఐదుకి, 6, 7 ఉంటే ఐదుకి, 8, 9 ఉంటే పైకి. ఒకసారి మీకు, ఒకసారి అమ్మేవాడికి. కార్డుతో కడితే సెంటుతో సహా ఉన్నదున్నట్టే.

ఒక మాట మధ్యలో గుర్తొచ్చింది, జేబులోంచి పోయినవి నాలుక మీద మాత్రం పోవు. చిల్లిగవ్వ లేదంటాం, దమ్మిడీ ఆదాయం లేదు క్షణం తీరిక లేదంటాం, అణా పైసలతో సహా లెక్క చెప్పమంటాం. 1957 ఏప్రిల్‌లో అణాలు పోయి నయాపైసలు వచ్చాయి, అణా చూడని పిల్లలు కూడా ఆ మాట వాడుతున్నారు. నాకు ఇది చాలా ఇష్టం, ఆ మాటల్లో ఒక్కటి పోయినా బాధపడతాను.

మీ ఇంట్లో కూడా ఇలాంటి డబ్బా ఉంటే, ముందు అందులో ఉన్నవి ఇప్పటికీ చెల్లేవో కాదో కేంద్ర బ్యాంకు ప్రకటనల్లో చూసుకోండి. కొన్ని దేశాలు గడువు పెట్టి ఆ తర్వాత అంగడిలో చెల్లకుండా చేస్తాయి, కొన్ని ఎప్పటికీ చెల్లుతాయనే ఉంచుతాయి. చెల్లేవైతే రకాల వారీగా విడదీసి, లెక్క రాసి, కవర్లలో కట్టి, రద్దీ లేని పూట బ్యాంకుకి తీసుకెళ్లండి, మొత్తం కలిపి బోర్లిస్తే క్యాషియర్‌కి అరపూట పోతుంది, విడదీసి తెస్తే పది నిమిషాల పని, వద్దనడానికి కూడా మనసొప్పదు. చిలుము పట్టినవి వేరే పెట్టండి, చింతపండుతోనో యాసిడ్‌తోనో తోమకండి, మెషీన్ బరువు, మందం చూస్తుంది కాబట్టి తోమి అరిగితే తిప్పి కొడుతుంది, పాతవాటికి సేకరించేవాళ్ల దగ్గర విలువ ఉంటే అదీ పోతుంది. ఆ పెద్దావిడ డబ్బా లెక్కపెట్టడానికి ఇద్దరం కూర్చుంటే మధ్యాహ్నం దాకా పట్టింది. వాటిలో బాగున్నవి సంచిలో వేసి సీలు వేశాం, ఆ సాయంత్రమే చిల్లర కోసం వచ్చిన ఒక వ్యాపారి ఆ సంచే తీసుకెళ్లాడు.